మెసేజ్ రాకముందే ఇచ్చిన రక్తం

కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే ఒక తల్లి ప్రాణం పోవడానికి రెండు గంటలు చాలు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వస్తూ ఉంటుంది. బిడ్డ పుట్టి, మాయ పడిపోయాక గర్భసంచి గట్టిగా బిగుసుకుని ఆ రక్తనాళాలను మూసేయాలి. బిగుసుకోకపోతే ప్రవాహమంతా బయటికే. ఆ తల్లి ఒంట్లో ఉన్నదే నాలుగైదు లీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 1.4 కోట్ల మంది తల్లులకు ఇలా అధిక రక్తస్రావం అవుతోంది. వారిలో దాదాపు 70 వేల మంది బతకడం లేదు.

అలాంటి రాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడ్డ బంధువు ఫోన్ తీసి తెలిసిన గ్రూపులన్నిటిలో పెడతాడు: "అర్జెంట్. బి పాజిటివ్ రక్తం కావాలి. దయచేసి షేర్ చేయండి." స్పందించేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. భోజనం మధ్యలో లేచి బండి తీసేవాళ్లను చూశాం. అయినా గడియారం ముందు పెట్టుకుని ఒక్కసారి లెక్క వేయండి. దాత వచ్చేసరికి అరగంటో గంటో పడుతుంది. ఫారం నింపడం, డాక్టరు పరీక్ష, రక్తం తీయడం, కాసేపు విశ్రాంతి అన్నీ కలిపి ముప్పావు గంట. ఆ రక్తాన్ని తీసింది తీసినట్టు ఎక్కించడానికి వీల్లేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా... ఈ ఐదింటికీ పరీక్ష చేయాలని చట్టం చెబుతోంది. ఎలైసా పద్ధతిలో వీటికే కొన్ని గంటలు కావాలి. ఆపైన రోగి రక్తంతో కలిపి సరిపోయిందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్‌కు మరో ముప్పావు గంట. ఎంత పరుగులు పెట్టినా మూడు నాలుగు గంటలు దాటిపోతుంది.

కాబట్టి ఆ తల్లిని నిలబెట్టేది ఆ రాత్రి పరుగెత్తుకొచ్చిన మనిషి రక్తం అయ్యే అవకాశం చాలా తక్కువ. ముక్కూ మొహం తెలియని ఎవరో పది రోజుల కిందటో ఇరవై రోజుల కిందటో ఇచ్చి వెళ్లిన రక్తం, పరీక్షలన్నీ పూర్తయి, 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండాలి. రోడ్డు ప్రమాదానికీ ఇదే వర్తిస్తుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గాయాల వల్ల పోయే ప్రాణాల్లో మూడో వంతుకు అటూ ఇటూ రక్తం కారిపోవడం వల్లనే పోతాయని ట్రామా వైద్యులు చెబుతారు. రక్తదానం ఎంత గొప్పదో మనకు బడిలోనే చెప్పారు. ఎప్పుడు ఇవ్వాలో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఈ కథనంలోని లెక్కలన్నీ ఆ 'ఎప్పుడు' చుట్టూ తిరిగేవే.

35 రోజుల గడువు

రక్తం సంచి మీద అంటించే లేబుల్ చూడండి. గ్రూపు, సంచి నంబరు పక్కనే రెండు తేదీలు ఉంటాయి: తీసిన తేదీ, గడువు తేదీ. మామూలు సంచిలో తీసిన రక్తానికి ఈ రెంటి మధ్య 35 రోజులు. ఎర్రకణాలను వేరుచేసి, వాటికి పోషక ద్రవం కలిపితే 42 రోజులు. రక్తంలోని ప్లాస్మాను సున్నాకు 30 డిగ్రీల దిగువన గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్ల ఆయుష్షు అన్నిటికన్నా తక్కువ, ఐదే రోజులు. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊగుతూ ఉండే అర మీద పగలూ రాత్రీ కదుపుతూ ఉంచాలి.

ఒక్క సంచి ముగ్గురికి పనికొస్తుందన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. మాట నిజమే, కాకపోతే దానికి షరతులున్నాయి. రక్తాన్ని భాగాలుగా విడదీసే యంత్రం రక్తనిధికి (బ్లడ్ బ్యాంకుకు) ఉండాలి. ఒకదానికొకటి గొట్టాలతో కలిపిన మూడు సంచుల సెట్టులోకి రక్తం తీసి ఉండాలి. ప్లేట్‌లెట్లు కావాలంటే తీసిన కొన్ని గంటల్లోనే ఆ సంచి యంత్రం దగ్గరకు చేరాలి. మారుమూల మండలంలో పొద్దున పెట్టిన శిబిరం నుంచి సంచులు రాత్రికి పట్నం చేరితే ఎర్రకణాలు దక్కుతాయి, ప్లేట్‌లెట్లు దక్కవు.

ఈ గడువులు తెలిశాక మన శిబిరాల పద్ధతి గురించి ఆలోచించాలి. జిల్లా కేంద్రంలో ఒక రక్తనిధి రోజుకు 20 యూనిట్లు ఇస్తుందనుకుందాం. ఒక నాయకుడి పుట్టినరోజున అక్కడ 1,000 మంది ఒకేరోజు రక్తం ఇచ్చారనుకుందాం. రోజుకు 20 చొప్పున 35 రోజుల్లో ఖర్చయ్యేది 700 సంచులు. మిగిలిన 300 గడువు దాటిపోతాయి. పక్క జిల్లాలకు పంపి కొన్నిటిని కాపాడుకోవచ్చు, కానీ పుట్టినరోజు రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టి పక్క జిల్లాలోనూ ఆ వారం సంచులు నిండుగానే ఉంటాయి. ప్లేట్‌లెట్ల లెక్క ఇంకా బాధాకరం. రోజుకు 20 మందికి అవసరమైనా ఐదు రోజుల్లో 100 యూనిట్లు వాడగలం, అంతే.

అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. 36వ రోజుకు ఫ్రిజ్ అర ఖాళీ అవుతుంది. ఇచ్చిన ఆ వెయ్యి మందిలో మగవాళ్లు 90వ రోజు దాకా, ఆడవాళ్లు 120వ రోజు దాకా మళ్లీ ఇవ్వకూడదు. అంటే 55 రోజుల పాటు ఊళ్లో ఉన్న ఉత్సాహవంతులందరూ ఒకేసారి అనర్హులు. అదే రక్తనిధికి 1,800 మంది మగ దాతలు ఉండి, రోజుకు 20 మంది చొప్పున వంతులవారీగా మూడు నెలలకోసారి వస్తే, ఏడాది పొడవునా ఒక్క రోజు కూడా లోటు ఉండదు. ఒక్క సంచి పారబోయనక్కర్లేదు.

పుట్టినరోజు శిబిరాలను నేను తప్పుపట్టడం లేదు. తెలుగునాట రక్తదానం సామాన్యుడి దాకా చేరిందంటే అందులో అభిమాన సంఘాల పాత్ర పెద్దది. 1998 అక్టోబర్ 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైనప్పుడు, సినిమా రిలీజు రోజున కటౌట్లు కట్టే కుర్రాళ్లు రక్తం ఇవ్వడానికి వరుస కట్టారు. ఆ ఉత్సాహం ఈ ప్రాంతానికి దక్కిన వరం. దాన్నే పన్నెండు నెలలకు పంచమని అడుగుతున్నాను. జిల్లాలోని పన్నెండు సంఘాలు తలా ఒక నెల తీసుకుంటే చాలు.

ఎంత కావాలి, ఎంతమంది ఇవ్వాలి

దేశ జనాభాలో 1 శాతానికి సమానంగా రక్తం అందితే కనీస అవసరాలు తీరతాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత. 2011 లెక్కల ప్రకారం నేటి రెండు తెలుగు రాష్ట్రాల జనాభా కలిపి 8.46 కోట్లు. అందులో 1 శాతం అంటే ఏడాదికి 8.46 లక్షల యూనిట్లు, రోజుకు సుమారు 2,300. జనాభా అప్పటినుంచి పెరిగింది కాబట్టి ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువే కావాలి. ఈ సంఖ్య చూసి బెదిరిపోనక్కర్లేదు. ప్రతి 300 మందిలో ఒక్కరు ఏడాదికి మూడుసార్లు ఇస్తే సరిపోతుంది. ఒక వెయ్యి గడపల ఊళ్లో పది పన్నెండు మంది చాలు.

ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 11.85 కోట్ల రక్తదానాలు జరుగుతున్నాయి. అందులో 40 శాతం సంపన్న దేశాల్లోనే, అక్కడ ఉండేది మాత్రం ప్రపంచ జనాభాలో 16 శాతం. ఆ దేశాల్లో వెయ్యి మందికి 31.5 దానాలు జరిగితే, మన దేశం ఉన్న దిగువ మధ్యాదాయ వర్గంలో 6.6 మాత్రమే. మన ఆసుపత్రుల అవసరం ఏడాదికి 1.46 కోట్ల యూనిట్లని 2022లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందుతున్న దానికీ కావాల్సిన దానికీ తేడా సుమారు 10 లక్షల యూనిట్లు. దేశం మొత్తం మీద చూస్తే ఇది పూడ్చలేని లోటేమీ కాదు. అయితే సగటు ఎవరి ప్రాణాన్నీ కాపాడదు. నగరంలో సంచులు మిగిలి ఉన్న రోజే ఏజెన్సీ ప్రాంతపు ఆసుపత్రిలో ఒక్క యూనిట్ కోసం జీపు వంద కిలోమీటర్లు పోవాల్సి రావచ్చు.

ఒంట్లోంచి పోయేదెంత

భయం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే చాలామందిని ఆపేది అదే. "రక్తం ఇస్తే నీరసం వస్తుంది రా, వద్దు" అని అమ్మలు ఇప్పటికీ అంటారు. వాళ్ల మాటను కొట్టిపారేయకుండా లెక్కతో జవాబు చెప్పాలి.

కిలో బరువుకు సుమారు 70 మి.లీ. రక్తం ఉంటుంది. 60 కిలోల మనిషికి 4.2 లీటర్లు. నిబంధన ప్రకారం 45 కిలోలు ఉన్నవాళ్ల నుంచి 350 మి.లీ., 55 కిలోలు దాటితే 450 మి.లీ. దాకా తీస్తారు. కిలోకు 8 నుంచి 9 మి.లీ. లెక్కన పెట్టిన హద్దు అది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. అంటే మనం దానం చేసినా చేయకపోయినా రోజూ 120వ వంతు కణాలు కాలం తీరి పోతూనే ఉంటాయి, ఎముక మజ్జ వాటి స్థానంలో కొత్తవి తయారు చేస్తూనే ఉంటుంది. 4.2 లీటర్లలో 120వ వంతు 35 మి.లీ. కాబట్టి 350 మి.లీ. దానం అంటే ఒంట్లో పది రోజుల్లో ఎలాగూ రాలిపోయేన్ని కణాలు. ఏటి ఇసుకలో చెలమ తోడితే నీళ్లు ఊరినట్టు, తీసిన మేరకు మజ్జ వేగం పెంచుకుంటుంది. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో, కణాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో భర్తీ అవుతాయి.

ఆలస్యమయ్యేది ఇనుము. 350 మి.లీ. రక్తంలో సుమారు 160 మిల్లీగ్రాముల ఇనుము బయటికి పోతుంది. తిండి నుంచి ఒళ్లు పీల్చుకునేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మగవారికి 90 రోజుల ఎడం పెట్టడానికి ఇదే కారణం. నెలసరి వల్ల ఆడవారి దగ్గర ఇనుము నిల్వ అసలే తక్కువ కాబట్టి వారికి 120 రోజులు. ఈ ఎడం కేవలం కాగితం మీది నియమం అనుకుని, వేరే శిబిరంలో పేరు మార్చి ముందే ఇచ్చే అత్యుత్సాహం మంచిది కాదు.

శిబిరంలో మొదటి మెట్టు చూడముచ్చటగా ఉంటుంది. బల్ల మీద చిన్న గాజు పాత్రలో నీలం రంగు ద్రావణం. రైతులు తెగుళ్ల మందులో కలిపే మైలుతుత్తమే అది, కాకపోతే సాంద్రత కచ్చితంగా 1.053 ఉండేలా కలిపింది. టెక్నీషియన్ వేలి కొసన పొడిచి ఒక్క బొట్టు అందులోకి వదులుతాడు. బొట్టు చుట్టూ సన్నని పొర కట్టి, 15 సెకన్లలోపు నిలువుగా అడుక్కి మునిగిపోతే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని అర్థం. మధ్యలో ఆగి పైకి తేలితే ఆరోజుకు సెలవు. ఖరీదైన యంత్రం లేకుండా కొన్ని సెకన్లలో తేలిపోయే పరీక్ష ఇది. తర్వాత బీపీ, నాడి చూస్తారు. "పొద్దున ఏమైనా తిన్నావా బాబూ? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుతారు. తినలేదంటే కోప్పడి ముందు టిఫిన్ చేసి రమ్మంటారు, ఖాళీ కడుపుతో ఇచ్చినవాళ్లకే కళ్లు తిరగడం ఎక్కువ. సూది గుచ్చాక సంచి ఊగే తూకం మీద ఆడుతూ ఉంటుంది. 350 మి.లీ. సంచిలో ముందే 49 మి.లీ. గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది, రక్తం దానితో కలవడానికే ఆ ఊపు. ఐదు నుంచి పది నిమిషాల్లో పని పూర్తి.

అర్హత విషయానికొస్తే 18 నుంచి 65 ఏళ్లు. మొదటిసారి ఇచ్చేవారు 60 దాటి ఉండకూడదు. పచ్చబొట్టు వేయించుకుంటే ఏడాది ఆగాలి, కాన్పు తర్వాత ఏడాది, పాలిచ్చినంత కాలం ఇవ్వకూడదు. మలేరియా తగ్గాక మూడు నెలలు ఆగాలి. షుగరు ఉన్నా ఇన్సులిన్ వాడకుండా మాత్రలతో అదుపులో ఉంటే డాక్టరు చూసి అనుమతిస్తారు.

మూడు వారాలకోసారి కావాల్సినవాళ్లు

ప్రమాదం, కాన్పు ఎప్పుడొస్తాయో తెలియదు. తలసేమియా పిల్లల అవసరం మాత్రం క్యాలెండరులో రాసిపెట్టి ఉంటుంది. మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. వాళ్ల మజ్జ సరైన హిమోగ్లోబిన్ తయారు చేయలేదు. పుట్టిన కొన్ని నెలలకే బిడ్డ పాలిపోయి, పాలు తాగలేక, బరువు పెరగక వాడిపోతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించడమే దారి, అదీ జీవితాంతం.

పదేళ్ల పాపను ఊహించుకోండి. ఏడాదికి సుమారు 24 యూనిట్లు కావాలనుకుందాం. మగ దాత ఏడాదికి నాలుగుసార్లు, ఆడ దాత మూడుసార్లు ఇవ్వగలరు. అంటే ఆరుగురు అన్నయ్యలో, ఎనిమిది మంది అక్కలో తప్పకుండా వంతు పాటిస్తే ఆ పాప బడికి వెళ్తుంది, ఆడుకుంటుంది, ఎత్తు పెరుగుతుంది. రక్తం వారం ఆలస్యమైతే హిమోగ్లోబిన్ పడిపోయి మెట్లెక్కడానికే ఆయాసం వస్తుంది. పదే పదే ఆలస్యమైతే మజ్జ తన శక్తికి మించి ఉబ్బి ముఖం ఎముకల రూపమే మారిపోతుంది. వేసవిలో కాలేజీలు మూసినప్పుడు కొరత వచ్చిందని పేపర్లో చిన్న వార్త చదువుతాం. ఆ వార్త ఈ పిల్లల హిమోగ్లోబిన్ రిపోర్టులో రెండు మూడు గ్రాముల తరుగుగా కనిపిస్తుంది.

ఇందాకటి ఇనుము లెక్క ఇక్కడ ఇంకో రూపంలో ఎదురవుతుంది. మన ఒంట్లోంచి పోయిన ఆ 160 మిల్లీగ్రాములు ఆ పాప ఒంట్లోకి చేరతాయి. అదనపు ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మనిషి శరీరానికి లేదు. 24 యూనిట్లంటే ఏడాదికి దాదాపు 4 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే 3, 4 గ్రాములు. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా ఈ పిల్లలు డెఫెరాసిరాక్స్ లాంటి ఇనుము తీసే మందులు రోజూ మింగాలి. హైదరాబాద్‌లో 1998లో మొదలైన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్ల రక్తం ఎక్కించడం, మందులు, పరీక్షలు ఒకే కప్పు కింద చూస్తారు. తలసేమియా, సికిల్ సెల్, హిమోఫీలియా రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. కానీ ఉచితంగా ఇవ్వడానికి ముందు అక్కడ సంచి ఉండాలి కదా. ఈ పిల్లలకు రక్తం ఇచ్చినప్పుడు బదులుగా ఎవరినీ తీసుకురమ్మని అడగలేరు, ఎందుకంటే ఆ ఇంటి చుట్టాలందరూ ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు.

పెళ్లికి ముందు ఇద్దరూ హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే ఈ జబ్బును తరువాతి తరానికి రాకుండా ఆపొచ్చు. మన జనాభాలో నూటికి ముగ్గురు నలుగురు ఈ లక్షణాన్ని మోస్తున్నారు, మోస్తున్నట్టు వాళ్లకే తెలియదు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మేనరికాలు ఇంకా ఉన్న మన దగ్గర ఈ పరీక్ష జాతకం చూడటమంత మామూలు కావాలి.

అమ్మిన రక్తం, అప్పు తీర్చిన రక్తం

ఒకప్పుడు మన దేశంలో రక్తం అమ్ముడుపోయేది. డబ్బు అవసరమైనవాళ్లు వారానికోసారి కూడా అమ్ముకునేవారు. జబ్బు సంగతి చెబితే కొనరు కాబట్టి దాచేవారు. కామన్ కాజ్ సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు ఇచ్చింది. అప్పటికి దేశంలో ఉన్న 1,018 బ్లడ్ బ్యాంకుల్లో 616కు లైసెన్సు లేదని ఆ తీర్పులో నమోదైంది. రక్తం అమ్మే పద్ధతిని రెండేళ్లలో పూర్తిగా తీసేయాలని, జాతీయ రక్త మార్పిడి మండలిని ఏర్పాటు చేయాలని కోర్టు ఆదేశించింది. 1998 నుంచి అమ్మకం నిషిద్ధం. బ్రిటన్‌లో ఉచితంగా ఇచ్చే రక్తాన్ని, అమెరికాలో కొనే రక్తాన్ని పోల్చి, కొన్నదే ఎక్కువ ప్రమాదకరమని రిచర్డ్ టిట్మస్ 1970లోనే పుస్తకం రాశారు. ఆ మాట మన చట్టంలోకి రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

అమ్మకం పోయాక మిగిలింది రీప్లేస్‌మెంట్. ఒక యూనిట్ తీసుకుంటే బదులుగా బంధువో స్నేహితుడో ఒకరు ఇవ్వాలి. 2006-07లో మన దేశంలో స్వచ్ఛంద దానాల వాటా 54 శాతం, 2013-14కల్లా అది 84 శాతానికి చేరింది. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ మార్పు. అయినా ఈ బదులు పద్ధతి చిన్న పట్టణాల్లో ఇంకా గట్టిగానే ఉంది, అందులో ఒక ముప్పు దాగి ఉంది. హెచ్‌ఐవీ లాంటి వైరస్ సోకిన మొదటి రోజుల్లో ఏ పరీక్షలోనూ కనపడదు. ఆ కాలంలో మనల్ని కాపాడేది దాత నోటి నుంచి వచ్చే నిజం ఒక్కటే. తనంతట తాను వచ్చిన మనిషికి, "ఈసారి ఇవ్వలేనండి" అని వెనక్కి వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. బావమరిది ఆపరేషన్ కోసం అత్తింటివాళ్లందరి ముందూ నిలబెట్టిన మనిషికి ఆ స్వేచ్ఛ ఉండదు. ఎందుకు ఇవ్వలేవని పదిమంది అడుగుతారు. అందుకే ఫారంలోని ప్రశ్నలకు డాక్టరు దగ్గర ఏకాంతంలో జవాబివ్వడం అంత ముఖ్యం.

"మా సొంతవాళ్ల రక్తమే ఎక్కించండి" అని పట్టుబట్టేవారికి ఒక సంగతి చెప్పాలి. తండ్రి, కొడుకు, తోబుట్టువు లాంటి అతి దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలను కొన్నిసార్లు రోగి ఒళ్లు పరాయివని గుర్తుపట్టలేదు. అవి లోపలే పెరిగి రోగి శరీరం మీదే దాడి చేయగలవు. అరుదైనదే అయినా దాదాపు ప్రాణాంతకం. అందుకే అలాంటి రక్తాన్ని ముందుగా కిరణాలతో శుద్ధి చేయాలి, ఆ యంత్రం అన్ని చోట్లా ఉండదు. ఏ సంబంధమూ లేని మనిషి రక్తమే ఎక్కువ క్షేమం.

బిల్లు చూసి "దానం చేసిన రక్తాన్ని అమ్ముతున్నారా" అని కోపగించుకునేవాళ్లూ ఉన్నారు. రక్తానికి ధర లేదు. సంచి, కిట్లు, పరీక్షలు, నిల్వ ఖర్చులకు పరిమితి ఉంది. 2022లో జాతీయ మండలి సవరించిన ప్రకారం ఎర్రకణాల యూనిట్‌కు ప్రభుత్వ కేంద్రాల్లో 1,100, ప్రైవేటులో 1,550 రూపాయలు. ప్రత్యేక పరీక్షలు అడిగితే అదనం. ఇంతకు మించి వేస్తే రసీదు అడిగి ప్రశ్నించే హక్కు మనది.

డెంగీ కాలంలో మరో రకం పరుగు మొదలవుతుంది. ప్లేట్‌లెట్లు 50 వేలకు పడగానే ఇంటిల్లిపాదీ దాతల కోసం తిరుగుతారు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తస్రావం లేనప్పుడు 10 వేల దిగువకు పడితేనే ఎక్కించడం గురించి ఆలోచించాలి. ఒక సంచి రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్లు కౌంటును ఐదు నుంచి పది వేలు మాత్రమే పెంచుతాయి. అక్కర్లేని చోట వాడిన ప్రతి యూనిట్ క్యాన్సర్ వార్డులోని మరొకరికి అందకుండా పోయినట్టే.

నూటికి ఐదుగురు

మనలో ఆర్‌హెచ్ నెగటివ్ గ్రూపులవాళ్లు నూటికి ఐదుగురికి కాస్త అటూ ఇటూ. అరుదైనవాటిలోనూ అరుదైనది బాంబే గ్రూపు. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం దీన్ని గుర్తించింది. మన దేశంలో పది వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మామూలు పరీక్షలో ఓ గ్రూపులా కనిపిస్తుంది, కానీ ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రమాదం. ఇలాంటివాళ్లు చేయవలసింది ప్రతి శిబిరంలో ఇవ్వడం కాదు, రక్తనిధిలో పేరు, నంబరు రాయించి పిలిచినప్పుడు వెళ్లడం.

నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు, తరువాతి బిడ్డకు ముప్పు రాకుండా. ఆ మందు మనుషుల ప్లాస్మా నుంచే తయారవుతుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 14 ఏళ్ల వయసులో పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికారు. 18 నిండగానే 1954లో మొదలుపెట్టి 2018లో 81వ ఏట ఆపేవరకు 1,173 సార్లు ఇచ్చారు. ఆయన ప్లాస్మాలో ఆ యాంటీబాడీ పుష్కలంగా ఉండేది. దాని వల్ల 24 లక్షల మంది శిశువులకు మేలు జరిగిందని అక్కడి రెడ్‌క్రాస్ అంచనా. 2025లో కన్నుమూశారు. ఆయన యాంటీబాడీ అరుదైనదే. నాకు అంతకన్నా అబ్బురంగా తోచేది 64 ఏళ్ల పాటు వంతు తప్పకపోవడం.

అర్హత దాకా రానివాళ్లు

శిబిరాల్లో ఆడవాళ్లు తక్కువగా కనిపించడానికి కారణం మనసు లేకపోవడం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తదానానికి హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి. అంటే సగానికి పైగా మహిళలు ఆ నీలం ద్రావణం దగ్గరే ఆగిపోతారు. కాన్పు సమయంలో 500 మి.లీ. పోయినా తట్టుకోలేనిది కూడా ఈ స్త్రీలే. 2018-20లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దేశ సగటు 97 కన్నా చాలా మెరుగే, కానీ కేరళలో 19. బాలికల హాస్టళ్లలో ఇచ్చే ఐరన్ మాత్రలు చెత్తబుట్టలోకి పోకుండా చూసే వార్డెన్ కూడా రక్తనిధికి సాయం చేస్తున్నట్టే. శిబిరంలో వెనక్కి పంపిన అమ్మాయికి "సెలవు" అని చెప్పి ఊరుకోకుండా ఆమె హిమోగ్లోబిన్ ఎంతో రాసిచ్చి, మందులు ఎక్కడ దొరుకుతాయో చెప్పి పంపాలి.

ఇక ఎవరికి వారు చేయగలిగింది. మీ ఊరి రక్తనిధికి ఫోన్ చేసి మీ గ్రూపు ఏ నెలలో ఎక్కువ కావాలో అడగండి. 2016లో కేంద్రం తెచ్చిన ఈ-రక్తకోష్‌లో ఏ కేంద్రంలో ఏ గ్రూపు ఎంత ఉందో ఇంట్లోంచే చూడొచ్చు. అక్కడ నిండుగా ఉంటే వారం పది రోజులు ఆగి వెళ్లండి. పరీక్షల సెలవులు, ఎండలు కలిసొచ్చే ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన దగ్గర నిల్వలు అడుగంటుతాయి. జనవరి 10న రక్తం ఇచ్చిన మగవారికి ఏప్రిల్ 10న, ఆడవారికి మే 10న మళ్లీ అర్హత వస్తుంది. రెండు తేదీలూ సరిగ్గా ఆ కొరత రోజుల్లోనే పడతాయి.